తప్పు దొరికిన రోజు: ఆర్టికల్‌షిప్‌లో ప్రిన్సిపాల్‌ను ఎలా అంచనా వేయాలి

ప్రశ్న అడిగిన విద్యార్థి చెప్పిన సంగతి ఇది. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పూర్తిచేసి, జూన్‌లో విజయవాడలోని ఒక మధ్యస్థాయి సీఏ ఆఫీసులో ఆర్టికల్స్‌కు, అంటే తప్పనిసరి ప్రాక్టికల్ శిక్షణకు, చేరారు. ఐదు నెలలు గడిచాయి. ఇంతవరకు చేసిన పనిలో ఎక్కువ భాగం టాలీలో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకుల చుట్టూ తిరగడం. ప్రిన్సిపాల్, అంటే శిక్షణ ఇచ్చే సీఏ, క్లయింట్ల ముందే గట్టిగా అరుస్తారు. ఇంట్లోవారు "మొదట్లో ఎక్కడైనా ఇంతే, ఓర్చుకో" అంటున్నారు. స్నేహితులు ట్రాన్స్‌ఫర్ తీసుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసులో ఉన్నాను. ఈ కాలంలో నా దగ్గర శిక్షణ పొందినవారూ, ఇతర ఆఫీసుల నుంచి మారి వచ్చినవారూ చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే జవాబు చెబుతాను. ఎంట్రీలూ రిటర్నులూ తప్ప వేరే పని ఇవ్వలేదన్న ఫిర్యాదు మీద ఐదు నెలలకే తీర్పు చెప్పలేము. అరుపుల విషయంలో మాత్రం మీరు రాయని వివరం ఒకటి నాకు కావాలి: మీ పనిలో తప్పు దొరికినప్పుడు, ఆ అరుపు ఆగిన తర్వాత ఆయన ఏం చేస్తారు? మీరు ఉండాలో మారాలో ఆ ఒక్క వివరం మీద ఆధారపడి ఉంటుందని నేను నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో చెప్పాలంటే నా ఆర్టికల్స్ రోజుల దగ్గరికి వెళ్లాలి.

నేను చేరింది 1997లో. అప్పుడు శిక్షణ మూడేళ్లు. తొలి పది నెలలు ఒక ఆఫీసులో, మిగిలిన కాలం మరొక ఆఫీసులో చేశాను. రెండు చోట్లా క్లయింట్లు దాదాపు ఒకే రకం: మిరప వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, కమీషన్ ఏజెంట్లు. పనీ ఒకటే, స్టైపెండూ ఇంచుమించు ఒకటే. అందువల్ల రెండో ఆఫీసుకు వెళ్లాక నాలో వచ్చిన మార్పుకు ప్రిన్సిపాల్ తప్ప వేరే కారణం చూపలేను.

మొదటి ఆఫీసులో చేరిన ఆరో వారంలో నన్ను గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి సరుకు నిల్వల పరిశీలనకు ఒంటరిగా పంపారు. లోపల మిర్చి టిక్కీలు (బస్తాలు) లాట్ల వారీగా అంతస్తుల మీద పేర్చి ఉంటాయి. చలికి చేతులు కొంకర్లు పోతాయి, ఘాటుకు దగ్గు ఆగదు. మేనేజరు టీ తెప్పించి, లాట్ల జాబితా చేతికిచ్చి, "లోపల ఎక్కువసేపు ఉండలేరు బాబూ, అన్నీ ఇందులో ఉన్నాయి" అన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఒకసారి లోపలికి చూసి, ఆ జాబితాను నా కాగితం మీదకు ఎక్కించుకొని, ప్రతి అంకె పక్కనా టిక్ పెట్టుకొని బస్సెక్కాను. ప్రిన్సిపాల్ ఆ కాగితంలో అడుగున ఉన్న మొత్తం ఒక్కటి చూసి ఫైలులో పెట్టమన్నారు. ఛాంబరులోకి వెళ్లావా అని అడగలేదు.

ఆ సాయంత్రం నాకు కలిగింది పని తేలికగా అయిపోయిందన్న ఊరట మాత్రమే. నిల్వల పరిశీలన అంటే జాబితా తిరగరాయడమేనని నేను నిజంగానే అనుకున్నాను. అబద్ధం రాస్తున్నానన్న బాధ కూడా కలగలేదు, ఎందుకంటే అది అబద్ధమని నాకు చెప్పవలసిన మనిషే దాన్ని పనిగా స్వీకరించారు. ఇరవై ఏళ్ల వయసులో, ఆఫీసు అంటే ఏమిటో అంతకుముందు తెలియనివారికి, తొలి ప్రిన్సిపాల్ దేన్ని చాలునంటే అదే పని అయిపోతుంది. పుస్తకంలో చదివిన ప్రమాణాలు ఆయన చూపు ముందు నిలబడవు.

అదే ఆఫీసులో మరికొన్నాళ్లకు ఒక కమీషన్ ఏజెంటు కొనుగోళ్లలో ఒక బిల్లును రెండుసార్లు లెక్కలోకి తీసుకున్నాను. ప్రిన్సిపాల్ ఆ వ్యాపారి ఎదుటే, మరో ముగ్గురు కూర్చొని ఉండగా, నా చదువునూ నన్ను కన్నవారినీ కలిపి తిట్టారు. బిల్లును మాత్రం ఆయనే ఒక నిమిషంలో కొట్టివేసి సరిచేశారు; ఆ తప్పు ఎలా జరిగిందో, ఎక్కడ చూస్తే దొరికేదో మా మధ్య మాటకు రాలేదు. రెండు నెలల తర్వాత మరొక ఫైలులో అలాంటి తప్పు నాకే కనబడింది. అప్పటికి బ్యాలెన్స్ షీట్ టైపుకు వెళ్లింది. నేను చెప్పలేదు. మొత్తం చిన్నది, ఎవరికీ నష్టం రాలేదు. అయినా ఆ మౌనం ఇప్పటికీ నాకు గుర్తుంది. తిట్లు నన్ను జాగ్రత్తపరుడిని చేయలేదు, తప్పును దాచేవాడిని చేశాయి. ఆడిట్ వృత్తిలో ఒక కుర్రవాడికి ఇంతకంటే చెడ్డ అలవాటు నేర్పడం సాధ్యం కాదు.

రెండో ఆఫీసుకు ఈ అలవాట్లన్నీ వెంటబెట్టుకొనే వెళ్లాను. సంవత్సరాంతంలో తాడేపల్లిగూడెం వైపు ఒక రైస్ మిల్లుకు పంపితే, నాకు తెలిసిన పద్ధతిలోనే జాబితా తిరగరాసుకొని వచ్చాను. కొత్త ప్రిన్సిపాల్ కాగితం చదివి మూడు ప్రశ్నలు అడిగారు: నెట్టుకు (బస్తాల దొంతరకు) ఎన్ని వరుసలు ఉన్నాయి, పైకి ఎవరు ఎక్కారు, నూక ఎక్కడ పోశారు? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఆయన గొంతు పెంచలేదు. "రేపు మొదటి బస్సుకు ఇద్దరం వెళదాం" అన్నారు, అంతే.

మర్నాడు మిల్లులో ఆయన చూపించినది ఇప్పటికీ నా దగ్గర చేరిన ప్రతి ఆర్టికల్‌కూ (శిక్షణ విద్యార్థికీ) చూపిస్తాను. నెట్టు పొడవున పన్నెండు, అడ్డంగా ఎనిమిది, ఎత్తున పద్నాలుగు బస్తాలు ఉంటే 1,344 అని గుణించడం ఎవరికైనా వస్తుంది. అయితే మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ గోడలా పేర్చినా బయటి నుంచి నెట్టు అలాగే కనిపిస్తుంది; అది తేలాలంటే పైకి ఎక్కాలి. యాభై దాటిన ఆ మనిషి హమాలీ చెయ్యి పట్టుకొని ఎక్కారు, నన్నూ ఎక్కించారు. నాలుగైదు బస్తాలు దింపించి తూకం వేయించారు. మేము లెక్కపెట్టినది ఒకరోజు ఆలస్యంగా కాబట్టి, మార్చి 31 తర్వాత వచ్చిన సరుకును తీసివేసి, బయటకు వెళ్లిన సరుకును కలిపి, గేటు రిజిస్టరుతో సరిపోల్చి ఆ తేదీ నాటి నిల్వను రాబట్టారు. లెక్క సరిపోయింది, తేడా ఏమీ రాలేదు. తేడా రాలేదు కాబట్టి వచ్చిన పని వృథా అని ఆయన అనుకోలేదు; ఆ రోజు నేను నేర్చుకున్న వాటిలో అది ముఖ్యమైనది. ఆఫీసుకు వచ్చాక నా పాత కాగితాన్ని చింపివేయబోతే ఆపి, దానిపై అడ్డగీత గీసి, తేదీ వేసి, కొత్త కాగితం వెనుక పిన్ను చేయించారు.

ఆయన దగ్గరే ఒకసారి ముగింపు సరుకు విలువ 4,50,000 అని రాయవలసిన చోట 5,40,000 అని దింపాను. ఆ బ్యాలెన్స్ షీట్ అప్పటికే క్లయింటు చేతికి వెళ్లి, అక్కడి నుంచి వర్కింగ్ క్యాపిటల్ లోను కోసం బ్యాంకుకు కూడా వెళ్లింది. నా ఎదుటే ఆయన క్లయింటుకు ఫోన్ చేసి, "మా ఆఫీసులో పొరపాటు జరిగింది, సరిచేసిన ప్రతులు నేనే బ్యాంకుకు పంపిస్తాను" అన్నారు. మా కుర్రవాడు చేశాడు అనలేదు. తర్వాత నన్ను కూర్చోబెట్టి, సంతకం తనది కాబట్టి పొరపాటు తనదేనని, అది తన బల్ల మీదికి రాకముందే ఎక్కడ దొరకవలసిందో చెప్పమని అడిగారు. మేమిద్దరం ఆలోచించి, ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల మొత్తాల పట్టిక) నుంచి దింపిన ప్రతి అంకెనూ మరొకరు పైకి చదివి సరిచూడాలన్న పద్ధతి పెట్టుకున్నాము. ఆ తర్వాత నా తప్పు నాకు దొరికిన ప్రతిసారీ నేనే వెళ్లి చెప్పేవాణ్ణి. దాచే అలవాటు పూర్తిగా పోవడానికి మాత్రం ఏడాదికి పైగా పట్టింది.

ఇది చదివి మంచి ప్రిన్సిపాల్ అంటే మెత్తని మనిషి అనుకోకండి. నా రెండో ప్రిన్సిపాల్ మొదటి ఆయన కంటే చాలా కఠినుడు. వర్కింగ్ పేపర్లు (పరిశీలనలో మేము రాసుకునే కాగితాలు) ఐదుసార్లు వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. పది నిమిషాలు ఆలస్యమైతే కారణం రాసి ఇవ్వవలసి వచ్చేది. బాగా చేశావన్న మాట ఆయన నోట నేను రెండేళ్లలో వినలేదు. అయినా వెనక్కి వచ్చిన ప్రతి కాగితం మీద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న ఉండేది, ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా శిక్షణ. మెచ్చుకోలు లేకపోవడాన్నీ, ముక్తసరి మాటలనూ, కాలనియమాన్నీ మీరు చెడ్డతనం కింద రాసుకుంటే అన్యాయం చేసినవారవుతారు.

ఈ తేడా కేవలం మన మనసుకు సంబంధించినదని కూడా అనుకోవద్దు. హైదరాబాదులో 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, కంపెనీ పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివేనని ఒప్పుకున్నారు. ఆ వార్త వచ్చిన వారంలో మన ఊళ్లలోని ప్రతి సీఏ ఆఫీసులోనూ మాట్లాడుకున్నది ఒక మామూలు ఉత్తరం గురించే: ఖాతాలో ఎంత ఉందో ధ్రువీకరించమని బ్యాంకును అడిగే ఉత్తరం. ఆడిట్ ప్రమాణాలలో ఎస్ఏ 505 చెప్పేది, ఆ ఉత్తర ప్రత్యుత్తరాల మీద అదుపు ఆడిటరు చేతిలోనే ఉండాలని. అంటే ఉత్తరం మన ఆఫీసు నుంచి నేరుగా బ్యాంకుకు వెళ్లాలి, జవాబు నేరుగా మనకే రావాలి. చిన్న ఆఫీసుల్లో ఈ ఉత్తరం తయారుచేసేది చాలావరకు ఆర్టికల్సే. "క్లయింటుకే ఇచ్చెయ్, వాళ్లే సంతకం పెట్టించి తెచ్చిస్తారు" అనే ప్రిన్సిపాల్ దగ్గర రెండేళ్లు ఉన్నవారికి ఆ ఉత్తరం ఫైలు నింపే కాగితం. "నువ్వే తీసుకెళ్లి బ్రాంచిలో ఇచ్చి రా, జవాబు మన చిరునామాకే రావాలని చెప్పు" అనే ప్రిన్సిపాల్ దగ్గర ఉన్నవారికి అది సాక్ష్యం. రేపు ఈ ఇద్దరూ సొంతంగా సంతకం చేసే రోజున ఏది ఎక్కడ బయటపడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

అరిచే ప్రిన్సిపాల్ కంటే నన్ను ఎక్కువగా భయపెట్టే ప్రిన్సిపాల్ మరొకరు ఉన్నారు. ఆయన చాలా మంచివారిగా పేరు తెచ్చుకుంటారు. "ఆఫీసుకు రాకపోయినా ఫరవాలేదు, ఇంట్లో కూర్చొని ఫైనల్‌కు చదువుకో, హాజరు నేను చూసుకుంటాను" అంటారు. విద్యార్థులు దీన్ని డమ్మీ ఆర్టికల్‌షిప్ అంటారు. కొందరు తల్లిదండ్రులే ఇలాంటి ఆఫీసు కోసం వాకబు చేస్తారు. సీఏల నియంత్రణ సంస్థ అయిన ఇన్‌స్టిట్యూట్ దృష్టిలో ఇది తప్పు. ఆ సంగతి అలా ఉంచినా, నష్టం విద్యార్థికే. ఆ మధ్య ఉద్యోగం కోసం వచ్చిన ఒక అభ్యర్థికి సెక్షన్లన్నీ నోటికి వచ్చు. బాకీదారుకు పంపిన ధ్రువీకరణ ఉత్తరానికి జవాబు రాకపోతే ఏం చేశారని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అలాంటిది ఎప్పుడూ చేయలేదని నిజాయితీగా చెప్పారు. తెలివైన మనిషి. ఆ తెలివికి చేతిపని నేర్పవలసిన కాలాన్ని మంచితనం పేరుతో ఒకరు తీసేసుకున్నారు. ఆయనను చూసి నాకు చాలా బాధ కలిగింది.

ఇక మీ విషయానికి వస్తాను. మీరు జూన్‌లో చేరారు కాబట్టి, చూసిన ఐదు నెలల్లో ఆదాయపు పన్ను రిటర్నుల జూలై 31, ట్యాక్స్ ఆడిట్ నివేదికల సెప్టెంబరు 30, ఆడిట్ కేసుల రిటర్నుల అక్టోబరు 31, వీటి మధ్య ప్రతినెలా 11న, 20న జీఎస్టీ గడువులు అన్నీ ఉన్నాయి. సెప్టెంబరులో ఏ ప్రిన్సిపాల్‌నూ తూచకూడదు. నేనూ ఒక సెప్టెంబరులో, పోర్టల్ మొరాయిస్తున్న రాత్రి, ఒక అమ్మాయి అడిగిన న్యాయమైన సందేహానికి కసిరికొట్టాను. తర్వాత మూడు నెలలు ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు, ఆ సంగతి గమనించడానికి నాకు ఆ మూడు నెలలూ పట్టింది. క్షమాపణ చెప్పి, అప్పటి నుంచి ఉదయం పని మొదలయ్యే ముందు పావుగంట సందేహాలకే కేటాయించాను. అందుచేత, మీ ప్రిన్సిపాల్ గడువు ఒత్తిడిలో అరిచారా, నవంబరులోనూ అలాగే అరుస్తున్నారా అన్నది విడదీసి చూడండి.

రిటర్నుల పని కూడా అంత చిన్నదేమీ కాదు. జీఎస్టీఆర్ 2బీ (సరఫరాదారులు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) తెచ్చి కొనుగోళ్ల రిజిస్టరుతో సరిపోల్చి, కనబడని బిల్లుల జాబితా తీయడం ఒక గుమస్తా పనిగానే మిగిలిపోవచ్చు. ఆ బిల్లు ఎందుకు కనబడలేదు, సరఫరాదారు రిటర్ను వేయలేదా, నంబరు తప్పు రాశారా, దాని మీద పన్ను క్రెడిట్ ఇప్పుడు తీసుకోవచ్చా అని మిమ్మల్ని ఎవరైనా అడుగుతుంటే అదే మంచి శిక్షణ. ఎవరూ అడగకపోతే మీరే అడగండి. ప్రిన్సిపాల్ కాకపోతే సీనియర్ ఆర్టికల్‌ను, పెయిడ్ అసిస్టెంటును, క్లయింటు దగ్గర ముప్పై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్న అకౌంటెంటు గారిని. కమీషన్ వ్యాపారంలో పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఎలా రాస్తారో నాకు నేర్పింది మిర్చి యార్డులోని ఒక వృద్ధ గుమస్తా గారు.

అయితే "ఓర్చుకో" అనే పెద్దల సలహాకు ఒక సవరణ అవసరం. అది మూడేళ్ల శిక్షణ నాటి సలహా. 2023 జూలై 1 నుంచి చేరినవారికి శిక్షణ రెండేళ్లే. మీ ఐదు నెలలు అందులో ఐదో వంతు కంటే ఎక్కువ. ఏడాది చూద్దామనుకుంటే సగం అయిపోతుంది.

కాబట్టి ఈ నెలలోనే ఒక పని చేయండి. క్లయింట్లు లేని సమయం చూసి ప్రిన్సిపాల్‌ను కలిసి, ఒక చిన్న భాగస్వామ్య సంస్థ ఫైలును మొదటి నుంచి చివరి వరకు, వోచింగ్ (బిల్లులు, రసీదుల పరిశీలన) నుంచి డ్రాఫ్ట్ నివేదిక దాకా, మీరే చేసి చూపిస్తానని, తప్పులు గుర్తుపెట్టి ఇమ్మని అడగండి. నేర్పడం లేదని ఫిర్యాదు చేస్తే ఆయన తనను సమర్థించుకుంటారు. ఫైలు ఇమ్మంటే ఇవ్వాలి, లేదా ఇవ్వనని చెప్పాలి. ఇస్తే, అందులో మీ తప్పు దొరికే రోజు తప్పకుండా వస్తుంది. అరిచినా సరే, కాగితం మీద గుర్తుపెట్టి వెనక్కి ఇచ్చారా, లేక తిట్టి తానే దిద్దేసుకున్నారా అన్నది చూడండి. మొదటిది జరిగితే ఉండిపొమ్మంటాను. రెండోది రెండుసార్లు జరిగితే మారమంటాను. రోజూ చేసిన పనిని ఏ క్లయింటు, ఏ రకం పని, ఎన్ని గంటలు అని ఒక డైరీలో రాసుకోండి. నిబంధనల ప్రకారం ఆర్టికల్స్ పనివేళలు వారానికి 35 గంటలు. ఆ డైరీ చూస్తే మీ గంటలు దేనికి పోతున్నాయో మీకే తెలుస్తుంది.

కొన్ని విషయాల్లో మాత్రం ఇలా చూస్తూ కూర్చోవద్దు. స్టైపెండును బ్యాంకు ఖాతాలో వేసి నగదుగా వెనక్కి అడగడం, చూడని వోచర్లకు చూసినట్టు మీ పొడి సంతకం పెట్టమనడం, పాత తేదీలు వేసి కాగితాలు తయారుచేయించడం, కన్నవారిని, కులాన్ని, రూపాన్ని ఎత్తి దూషించడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే బయటికి రండి. అమ్మాయిలకు మరొక మాట. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది; పదిమంది లేని చిన్న ఆఫీసు అయినా జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఔట్‌స్టేషన్ ఆడిట్‌కు వెళ్లేముందు బస ఎక్కడ, తోడు ఎవరు అని అడగడం పొగరు కాదు, మీ హక్కు.

మారాలనే నిర్ణయానికి వస్తే గొడవపడి రాకండి. పాత చోట శిక్షణ ముగిసిందని తెలిపే ఫారం 109 మీద పాత ప్రిన్సిపాల్ సంతకం కావాలి, దాని తర్వాతే కొత్త ఆఫీసులో ఫారం 103తో నమోదు జరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ షరతులు ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలతో మారుతూ వస్తున్నాయి కాబట్టి, స్నేహితుల మాట మీద కాక ప్రస్తుతం అమలులో ఉన్న ప్రకటన చదివి, కొత్త ఆఫీసు ఖాయమయ్యాకే పాతది వదలండి. కొత్త ఆఫీసు ఎంచుకునేటప్పుడు ఎంతమంది క్లయింట్లు ఉన్నారు, స్టైపెండు ఎంత అన్నవి అందరూ అడుగుతారు. మీరు అక్కడ పనిచేస్తున్న ఒక ఆర్టికల్‌ను బయట టీ దగ్గర కలిసి, "సార్ చివరిసారి మీ వర్కింగ్ పేపర్ మీద ఏం రాసి వెనక్కి పంపారు?" అని అడగండి. గుర్తు తెచ్చుకొని వెంటనే చెప్పగలిగితే, ఆ మర్నాడే వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలవండి.